ప్రత్తిసీమకు కృత్రిమ మూత్రపిండము నడచి వచ్చిన దారి

ఆదోని పేరు చెప్పగానే ప్రత్తి జ్ఞప్తికి వచ్చును. ఎమ్మిగనూరు పేరు చెప్పగానే మగ్గము జ్ఞప్తికి వచ్చును. కర్నూలు జిల్లా పడమటి భాగమునగల ఈ రెండు పట్టణములకు నడుమ దూరము దాదాపు 30 కిలోమీటర్లు. ఒకచోట గింజను విడిచిన దూది, వేరొకచోట పడుగు పేకలలో కలిసి వస్త్రమగుచున్నది. ఈ దూదికిని, మూత్రపిండములు చెడిన రోగిని బ్రతికించు యంత్రమునకును చుట్టరికము కలదనినచో పలువురకు వింతగా తోచవచ్చును. కాని ఆ యంత్రము పుట్టుపూర్వోత్తరములను పరిశీలించినచో, ప్రత్తి అందులో పలుమార్లు కానవచ్చును. ఆ చరిత్రను, అది మన సీమవరకు నడచి వచ్చిన దారిని, ఈ ప్రసంగములో స్థూలముగా చెప్పుకొందము.

మూత్రపిండములు నడుమునకు వెనుకవైపున, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడుగింజ ఆకారమున ఉండును. ఒక్కొక్కటి పిడికిలి యంత. తూకము సుమారు 150 గ్రాములు. ఇంత చిన్న అవయవములే యైనను, గుండె పంపు రక్తములో దాదాపు అయిదవవంతు వీనికే చేరుచుండును. ఒక్కొక్క మూత్రపిండమున ఇంచుమించు 10 లక్షల సూక్ష్మమైన వడపోత సాధనములు కలవు. ఇవి రోజునకు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడపోసి, శరీరమునకు కావలసిన నీటిని, చక్కెరను, లవణములను మరల రక్తమునకే అప్పగించి, మిగిలిన లీటరున్నర ద్రవమును మాత్రమే మూత్రముగా వెలికి పంపును. అనగా వడపోయుట కంటె, ఏది ఉంచవలెనో ఏది విడువవలెనో నిర్ణయించుటయే వీని ఘనకార్యము. రక్తపుపోటును అదుపులో నుంచుట, ఎర్రకణముల ఉత్పత్తిని ప్రేరేపించుట, ఎముకల గట్టిదనమును కాపాడుట కూడ వీని పనులే. కావుననే మూత్రపిండములు చెడినవానికి మూత్రము తగ్గుటతో పాటు పాదములు వాచును, ముఖము పాలిపోవును, ఆయాసము వచ్చును, అన్నము సయింపదు. యూరియా మొదలగు మలినములు రక్తమున పేరుకొనును. పొటాసియము మితిమీరినచో గుండెయే ఆగిపోవచ్చును.

ఈ వైఫల్యము రెండు విధములు. ఒకటి హఠాత్తుగా వచ్చునది. వాంతులు, విరేచనములు అయి ఒంటిలోని నీరు పోయినప్పుడును, కాన్పు సమయమున అధిక రక్తస్రావము జరిగినప్పుడును, తీవ్రమైన అంటు సోకినప్పుడును ఇది కలుగును. మెట్టపొలములలో కూలికి పోవువారికి మరియొక భయము కూడ కలదు. ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1796లో కోరమాండలు తీరపు పాములను గూర్చి ప్రకటించిన గ్రంథమున, కాటుకరేకుల పొడ అను తెలుగు పేరుతోనే ఒక పామును వర్ణించెను. నేడు శాస్త్రజ్ఞులు దానిని రస్సెల్ పేరుతో పిలుచుచున్నారు. మన పల్లెలలో రక్తపింజరి యందురు. దాని విషము రక్తము గడ్డకట్టు గుణమును చెరచి, మూత్రపిండములను దెబ్బతీయును. ఇట్టి హఠాత్ వైఫల్యమున, కొన్ని దినములో వారములో రోగిని నిలబెట్టగలిగినచో, మూత్రపిండములు తిరిగి కోలుకొనుటకు అవకాశము కలదు.

రెండవది మెల్లగా, ఏండ్ల తరబడి సాగునది. మధుమేహము, రక్తపుపోటు దీనికి ముఖ్యకారణములు. మూత్రపిండములలోని వడపోత భాగమునకు వచ్చు వాపు, మూత్రమార్గమున రాళ్ళు, నొప్పులకు వైద్యుని అడుగక ఏండ్లకొలది మ్రింగు మాత్రలు కూడ దీనిని తెచ్చిపెట్టును. ఇది దొంగవలె వచ్చునట్టిది. మూత్రపిండముల శక్తి చాలవరకు హరించువరకు రోగికి ఏమియు తెలియదు. తెలియునప్పటికి కోలుకొనుటకు మిగిలినది స్వల్పము.

వైద్యులు ఈ వ్యాధిని ఆనవాలు పట్టుటకే చిరకాలము పట్టెను. మన సుశ్రుతుడు మూత్రాఘాతమను పేర మూత్రము నిలిచిపోవు రోగములను వర్ణించియున్నాడు. కాని ఒంటివాపునకును, మూత్రపిండముల చెడుగునకును గల సంబంధమును నిరూపించినవాడు లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్. 1827లో అతడు తన పరిశీలనలను ప్రకటించెను. అతని పరీక్ష అతి సులభమైనది. రోగి మూత్రమును చెంచాలో పోసి దీపపు మంటపై కాచిన, అందులో మాంసకృత్తు ఉన్నచో గ్రుడ్డులోని తెల్లసొనవలె పేరుకొనును. రోగము పేరు తెలిసెను. మందు మాత్రము లేదు. తరువాత నూరేండ్లకు పైగా, రెండు మూత్రపిండములును చెడినవానికి వైద్యులు చెప్పగలిగినది ఓదార్పు మాటయే.

మందునకు దారి వైద్యశాలలో గాక రసాయనశాలలో దొరకెను. మన ఇండ్లలోని గంజినే ఉదాహరణముగా తీసికొందము. ఉప్పు వేసిన గంజిని పలుచని పొరతో చేసిన సంచిలో పోసి, ఆ సంచిని మంచినీటిలో వ్రేలాడదీసినచో, కొంతసేపటికి ఉప్పు నీటిలోనికి వచ్చును. గంజి సంచిలోనే నిలుచును. చిన్న అణువులు పొరలోని సందులగుండ పోవును, పెద్దవి పోజాలవు. వెలుపలి నీరు మార్చుచుండిన కొలది లోపలి ఉప్పు తగ్గుచుండును. స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడు థామస్ గ్రాహం 1861లో ఈ ధర్మమునకు డయాలిసిస్ అని పేరు పెట్టెను; విడదీయుట యని గ్రీకుభాషలో దాని అర్థము. గంజికి బదులు రక్తమును, ఉప్పునకు బదులు యూరియాను ఊహించుకొన్నచో, నేటి చికిత్స అంతయు ఈ సంచిలోనే కలదు. రక్తకణములును, మాంసకృత్తులును పెద్దవి గనుక నిలుచును. మలినములు చిన్నవి గనుక వెడలిపోవును.

అయితే అట్టి పొర దేనితో చేయవలెను? ఇచటనే ప్రత్తి కథలో ప్రవేశించుచున్నది. 19వ శతాబ్ది నడుమ ఐరోపా రసాయనికులు దూదిని నత్రికామ్ల, గంధకామ్లముల మిశ్రమమున ముంచి ఒక క్రొత్త పదార్థమును చేసిరి. దానిని ఈథరులో, సారాయిలో కరగించి ఆరనిచ్చిన, కొలోడియను అను పలుచని పొర ఏర్పడును. అమెరికాలోని బాల్టిమోరు నగరమున 1913లో ఏబెల్, రౌన్‌ట్రీ, టర్నర్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ కొలోడియను గొట్టములగుండ కుక్కల రక్తమును ప్రవహింపజేసి, శుద్ధిచేసి, మరల వాని శరీరములకే పంపిరి. రక్తము గొట్టములలో గడ్డకట్టకుండ జలగల తలలనుండి తీసిన సారమును వాడిరి. జర్మనీలోని గీసెన్ పట్టణమున జార్జి హాస్ అను వైద్యుడు 1924లో మొదటిసారిగా మనుష్యునకు ఈ చికిత్స చేసెను. అది సుమారు పావుగంట సాగెను. రోగికి హాని కలుగలేదు; చెప్పుకొనదగిన మేలును కలుగలేదు. పొర కొంచెము, కాలము కొంచెము; పేరుకొన్న విషము అధికము. జలగసారమునకు బదులు హెపారిను అను శ్రేష్ఠమైన మందు వాడుకలోనికి వచ్చినపుడుగాని చికిత్సను గంటలకొలది సాగించుట సాధ్యము కాలేదు.

ఆ పని రెండవ ప్రపంచయుద్ధపు చీకటిలో జరిగెను. జర్మనుల ఆక్రమణలో నున్న హాలండుదేశమున, కాంపెన్ అను చిన్న ఊరి ఆసుపత్రిలో విలెమ్ కోల్ఫ్ అను యువవైద్యుడు, మాంసపు వంటకములకు తొడుగుగా వాడు సెల్లోఫేను గొట్టమును ఒక పెద్ద పీపాకు చుట్టలు చుట్టలుగా చుట్టి, ఆ పీపాను ఉప్పునీటి తొట్టెలో తిరుగునట్లు అమర్చెను. గొట్టములో రోగి రక్తము, వెలుపల ఉప్పునీరు. పీపా తిరుగుచుండగా రక్తము శుద్ధి యగును. 1943లో ఈ యంత్రము పని ప్రారంభించెను. పదిమందికి పైగా రోగులకు చికిత్స జరిగినను, దీనివలననే బ్రతికెనని నిశ్చయముగా చెప్పదగినవారు లేకపోయిరి. అయినను కోల్ఫ్ నిరాశ చెందలేదు. 1945లో 67 ఏండ్ల వృద్ధురాలొకతె, స్మారకము లేని స్థితిలో ఈ యంత్రమునకు వచ్చి, కన్నులు తెరచి మాటలాడెను. తరువాత పెక్కేండ్లు జీవించెను. యుద్ధానంతరము కోల్ఫ్ తన యంత్రములను ఇతర దేశముల ఆసుపత్రులకు ఉచితముగా పంపెను.

అయితే ఆమెకు వచ్చినది హఠాత్ వైఫల్యము. యంత్రము కొన్నినాళ్ళు ఆదుకొన్నది. ఆమె మూత్రపిండములు తిరిగి మేలుకొన్నవి. ఎన్నటికిని మేలుకొనని మూత్రపిండములు గలవాని గతి ఏమి? వానికి ఈ చికిత్స వారమున రెండు మూడు మారులు, బ్రతికినంతకాలము జరుగవలెను. చికిత్స చేసిన ప్రతిమారు ఒక రక్తనాళమును కోసి గొట్టము దూర్పవలసియుండెను. కొలది దినములలో చేతులలోని రక్తనాళములన్నియు వ్యర్థమగును. 1960 మార్చిలో, అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ అను వైద్యుడు ఇందులకు ఉపాయము కనుగొనెను. ధమనిలో ఒకటి, సిరలో ఒకటి టెఫ్లాను గొట్టములు శాశ్వతముగా అమర్చి, చికిత్స లేని సమయమున ఆ రెండింటిని వంకగొట్టముతో కలిపివేసెను. రక్తము ఆ వంపులో నిరంతరము పారుచుండుటచే గడ్డకట్టదు. ఇట్లు మొదట చికిత్స పొందిన రోగి 11 ఏండ్లు బ్రతికెను. 1966లో న్యూయార్కు వైద్యులు చిమినో, బ్రెషియా మొదలగువారు మరియొక మెట్టు ఎక్కిరి. ముంజేతిలోని ధమనిని సిరతో కలిపి కుట్టినచో, సిర బలిసి, సూదిపోట్లకు ఓర్చుకొనును. నేడు డయాలిసిస్ రోగి ముంజేతిపై ఉబ్బి కనిపించు నరము ఇదియే. తాకిన, లోపల రక్తము గిరగిర తిరుగుచున్నట్లు తెలియును.

చికిత్స సాధ్యమైన మరుక్షణమే క్రొత్త ప్రశ్న పుట్టెను. 1962లో సియాటిలులో ప్రత్యేక చికిత్సాకేంద్రము తెరచినపుడు, రోగులు అనేకులు, యంత్రములు కొన్ని. ఎవరికి చోటు ఈయవలెనో నిర్ణయించుటకు ఊరి పెద్దలతో ఒక సంఘమును ఏర్పరచిరి. రోగి వయస్సెంత, సంతానమెందరు, చేయు వృత్తి యేమి అని విచారించి, ఒకనికి బ్రతుకును, వేరొకనికి మృత్యువును ఆ సంఘము పంచిపెట్టవలసి వచ్చెను. ఈ సంగతి పత్రికలలో వెలువడగా లోకము కలవరపడెను. 1972లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసి, ఈ చికిత్స వ్యయమును తానే వహించెను.

ఇంతలో పొర కూడ మారెను. ప్రత్తిని జిన్నింగు మిల్లులో ఆడించిన పిదపను గింజనంటి పొట్టి నూగు కొంత మిగులును. వస్త్రమునకు పనికిరాని ఆ నూగును రాగి, అమ్మోనియా ద్రావణములో కరగించి జర్మనీలో క్యుప్రోఫేను అను పొరను చేసిరి. 1960ల నుండి కొన్ని దశాబ్దముల పాటు లోకములోని కృత్రిమ మూత్రపిండములలో అనేకము ఈ ప్రత్తినూగు పొరతోనే పనిచేసినవి. ఆదోని మిల్లుల నూగే అచటికి పోయెనని మేము చెప్పబూనుట లేదు. ఆ జాతి నూగే యని మాత్రము చెప్పవచ్చును. నేడు పొరలు ఎక్కువగా కృత్రిమ పదార్థములతో తయారగుచున్నవి. కాని వాని రూపము మన నేతగానికి పరిచితమే. జానెడు పొడవు గొట్టములో, వెంట్రుక కంటె కొంచెము లావైన బోలుపోగులు దాదాపు పదివేలు, పడుగు నూలువలె బారుగా పేర్చియుండును. పోగుల లోపల రక్తము, వెలుపల శుద్ధిద్రవము, ఎదురెదురుగా పారుచుండును. ఒక్కొక్క చికిత్స సుమారు 4 గంటలు. శుద్ధిద్రవము నిమిషమునకు అర లీటరు చొప్పున మొత్తము 120 లీటర్లు. ఆ నీరు మనము త్రాగునీటి కంటె ఎన్నో రెట్లు శుద్ధమైనదై యుండవలెను. ఏలయన అది పలుచని పొర చాటున రోగి రక్తమును తాకుచుండును.

ఇక మన దేశము. 1960ల తొలినాళ్ళలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి వంటి ఒకటి రెండు చోట్ల ఈ చికిత్స ప్రారంభమాయెను. ఆ ఆసుపత్రిలోనే 1971లో, సజీవదాత మూత్రపిండమును రోగికి అమర్చు శస్త్రచికిత్స మన దేశమున తొలిసారి సఫలమాయెను. ఆ దినములలో ఆదోని రోగికి ఈ వార్తవలన ఒరిగినదేమి? గుంతకల్లు, రేణిగుంటల మీదుగా రైలెక్కి వేలూరు పోగలవారికే ఆ చికిత్స. పోయిన ఒక్కమారుతో అది తీరునది కాదు.

ఆదోని సీమకు దూరము క్రొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించువరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివి. ఎమ్మిగనూరు ఆనాడు ఆదోని తాలూకాలోని ఊరే. అంతవరకు పడమటికి, బళ్ళారికి తిరిగిన ముఖములు, నాటినుండి తూర్పునకు, కర్నూలునకు తిరుగవలసి వచ్చెను. 1957లో కర్నూలున వైద్య కళాశాల నెలకొనెను. కాని ఆదోని నుండి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. ఎమ్మిగనూరు నుండి దాదాపు 70. కాలు విరిగినవానికి ఈ దూరము ఒకనాటి కష్టము. డయాలిసిస్ రోగికి ఇది వేరు విధమైన లెక్క. ఆదోని నుండి వారమున మూడుమారులు కర్నూలు పోయి వచ్చినచో, ఏడాదికి 31,000 కిలోమీటర్లకు మించును. భూగోళము చుట్టుకొలతలో మూడువంతులకు పైబడిన మాట! కూలిపోయిన శరీరముతో, తోడుగా మరియొకరి కూలి కూడ పోగొట్టుకొని, ఈ ప్రయాణము చేయవలెను. సియాటిలులో సంఘము చేసిన పనిని మన సీమలో దూరము చేయగలదు. ఎవరు బ్రతుకవలెనో అది ఎవరితోను చర్చింపదు. బస్సు ఎక్కలేనివానిని మాటలేకుండ తొలగించును.

కావున ఈ చికిత్స చరిత్రలో, యంత్రము కనుగొనుట ఎంత ముఖ్యమో, యంత్రమును రోగి వద్దకు తెచ్చుటయు అంత ముఖ్యము. 2007 ఏప్రిల్ 1న మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము మరుసటి యేడు రాష్ట్రమంతట విస్తరించి, పేదలకు ఈ చికిత్సను ఉచితముగా అందించెను. 2016లో కేంద్రప్రభుత్వము జిల్లా ఆసుపత్రులలో డయాలిసిస్ జరుపుటకు జాతీయ కార్యక్రమమును ప్రకటించెను. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున కొబ్బరితోటల నడుమ గ్రామములలో, మధుమేహముతో గాని రక్తపుపోటుతో గాని పొత్తులేని మూత్రపిండవ్యాధి వేలమందిని పట్టి పీడించుచుండగా, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరువబడెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డయాలిసిస్ పొందు పేదలకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇచ్చుచున్నది. ఇవి సామాన్యమైన మెట్లు కావు. ఒక్క ఇంటివాడు భరింపలేని బరువును పదిమంది కలిసి మోయవలెనను నీతి ఎమ్మిగనూరునకు తెలియనిదియు కాదు. 1938లో మాచాని సోమప్పగారు అచట నేతపనివారి సహకార సంఘమును స్థాపించినది ఈ నీతిమీదనే కదా!

ఇంటివద్దనే జరుపుకొనదగిన మార్గము కూడ ఒకటి కలదు. కడుపులోని సహజమైన పొరనే వడపోత పొరగా వాడుకొనుట. 1976లో అమెరికా శాస్త్రజ్ఞులు పొపోవిచ్, మాన్‌క్రీఫ్ దీనిని సులభసాధ్యము చేసిరి. కడుపులో అమర్చిన మెత్తని గొట్టముగుండ రెండు లీటర్ల ద్రవమును నింపి, కొన్ని గంటలకు తీసివేసి, మరల నింపవలెను. రోజునకు సుమారు నాలుగుమారులు ఇట్లు చేయవలెను. బస్సు లేదు, యంత్రము లేదు. కాని చేతుల శుభ్రత తప్పినచో కడుపున అంటు సోకును. పరిశుభ్రమైన గదియు, శ్రద్ధగల మనుష్యుడును ఉన్న ఇంటికి ఇది వరము.

యంత్రము దగ్గరకు వచ్చినను కష్టము తీరదని కూడ చెప్పుట న్యాయము. మూత్రపిండము రేయింబవళ్ళు చేయు పనిని వారమున 12 గంటలలో యంత్రము కొంతమాత్రమే చేయగలదు. మిగిలినది రోగి నోటిని కట్టుకొని తీర్చవలెను. వైశాఖమాసపు ఎండలో, రాళ్ళు పగులు వేడిమిలో, మూత్రము రానివాడు నీటిని కొలిచి త్రాగవలెను. జొన్నరొట్టె తినవచ్చును గాని, దానికి తోడుగా వేరుశనగ పచ్చడి, ఊరగాయ మితిమీరరాదు; మొదటిదానిలో పొటాసియము, భాస్వరము అధికము, రెండవదానిలో ఉప్పు అధికము. కొలతలు రోగి రోగికి మారును గనుక వైద్యుని సలహా ప్రకారమే నడువవలెను. ఇంటిలోనివారు అదియే తినుచు ఎదుట కూర్చుండగా, రోగి ఒంటరివాడు కాకుండ చూచుట ఇల్లాండ్ర నేర్పు, బంధువుల ధర్మము.

అన్నిటికంటె మేలైనది యంత్రము అక్కరలేకుండ చేసికొనుట. బ్రైట్ చెంచాలో మూత్రము కాచిన నాటినుండి నేటివరకు ఆ పరీక్ష సూత్రము మారలేదు; మూత్రమున మాంసకృత్తు కానవచ్చిన, అది మొదటి హెచ్చరిక. మధుమేహము, రక్తపుపోటు గలవారు ఏడాదికొకమారైనను మూత్రమును, రక్తమున క్రియాటినినును పరీక్ష చేయించుకొనవలెను. రోజెల్ల మూటలు మోసిన హమాలీయు, మగ్గపు గుంటలో కూర్చున్న నేతగాడును, రాత్రి నడుమునొప్పికి అంగడి మాత్రను అలవాటు చేసికొనరాదు. పాము కరచినచో మంత్రగానికొరకు కాలము వ్యర్థము చేయక ఆసుపత్రికి చేరవలెను. విరేచనములు పట్టినవానికి ఉప్పు, చక్కెర కలిపిన నీరు వెంటనే పట్టవలెను. ఈ పనులకు వేలూరు పోనక్కరలేదు. ఇవి ఊరిలోనే జరుగును.

గింజనంటిన నూగు సయితము పారవేయదగినది కాదని ప్రత్తి మనకు తెలిపినది. అది లోకమున ఎందరి రక్తమునో కడిగినది. లోకము ఇన్ని యేండ్లు శ్రమించి కనుగొన్న ఈ చికిత్స, ప్రత్తి పండించు రైతు గుడిసెకు ఎంత దగ్గరగా వచ్చినదో, దాని సాఫల్యము అంతయే. ఆ దగ్గరితనమును కోరుట ఈ సీమ ప్రజల హక్కు. అది వచ్చువరకు తమ మూత్రపిండములను తామే కాపాడుకొనుట వారి నేర్పు.